తాళంచెవి ఎవరి జేబులో ఉంది?

మన హాస్టల్లో చదివి వెళ్లిన అన్నల్ని ఏం చేస్తున్నావన్నా అని అడిగితే, "సిస్టమ్స్ చూస్తున్నా" అనేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరు ఉంటారు. కాలేజీ ల్యాబులు, ఆఫీసులు, అదీ కాంట్రాక్టు మీద. పీజీ ఖర్చుల కోసం నేనూ సాయంత్రాలు అదే పని చేస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా నాతోనే మొదలు. ఈ పనిలో జాగ్రత్తలు చెప్పే పెద్దలు మనకు ఇంట్లో ఉండరు కాబట్టి మన పత్రికలోనే మాట్లాడుకుందాం.

నేను చెప్పేది ఒక్కటే. విండోస్ ప్రాడక్ట్ కీని ఆన్సర్ ఫైల్లో రాసి పెన్‌డ్రైవ్‌లో తిప్పే అలవాటు మనం మానాలి.

నలభై సిస్టమ్స్ ముందు కూర్చొని ఒక్కోదానికి 25 అక్షరాలు కొట్టడం ఎవరికైనా విసుగే. అందుకే సెటప్ అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబులు ముందే ఒక ఫైల్లో రాసి పెడతాం. టీ తాగి వచ్చేసరికి పని అయిపోతుంది. సుఖమే. కానీ ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కీ ఎవరికైనా కనిపిస్తుంది. సెటప్ ముగిశాక సీ డ్రైవ్‌లో మిగిలే కాపీలో కీని విండోసే చెరిపేస్తుంది. పెన్‌డ్రైవ్‌లోని అసలు ఫైలు మాత్రం అలాగే ఉంటుంది. పెన్‌డ్రైవ్ ఎన్ని చేతులు మారుతుందో మీకు తెలియనిది కాదు.

ఇది ఎంత దూరం పోతుందో 2001లోనే ప్రపంచం చూసింది. ఎక్స్‌పీ దుకాణాల్లోకి రాకముందే ఒక వాల్యూమ్ కీ బయటపడి ఊరూరా తిరిగింది. 2002లో సర్వీస్ ప్యాక్ 1తో మైక్రోసాఫ్ట్ దాన్ని అడ్డుకుంది. విస్టా నుంచి వాల్యూమ్ కాపీలకూ యాక్టివేషన్ తప్పనిసరి చేసింది.

ఇప్పుడు సంస్థలకిచ్చే వాల్యూమ్ కీలలో ముఖ్యమైనవి రెండు రకాలు. మ్యాక్ కీకి ఇన్ని యాక్టివేషన్లని లెక్క ఉంటుంది, అది సంస్థ సొత్తు. దాన్ని ఫైల్లో పెట్టకూడదు. ఇమేజ్ వేశాక బాధ్యుడైన ఉద్యోగి ఎదుటే కొట్టాలి. రెండోది కేఎంఎస్. సంస్థలోని సర్వరే యాక్టివేట్ చేస్తుంది. 180 రోజులు చెల్లుతుంది, మధ్యలో తనే పొడిగించుకుంటుంది. దీనికి ఫైల్లో రాసే సెటప్ కీని మైక్రోసాఫ్టే బహిరంగంగా ప్రకటించింది. అది దొంగిలించినా ఒరిగేదేమీ లేదు. అయితే సర్వర్‌కు కనీసం 25 సిస్టమ్స్ కనబడాలి. సిస్‌ప్రెప్‌లో జనరలైజ్ చేయకుండా క్లోన్ చేస్తే అన్నీ ఒకే గుర్తింపుతో వెళతాయి. నలభై ఉన్నా సర్వర్ ఒకటే అని లెక్కపెడుతుంది. కోర్సుల్లో ఈ ముక్క ఎందుకు చెప్పరో నాకర్థం కాదు.

"అంత పెద్ద కంపెనీకి మనవల్ల నష్టమేంటి?" అంటారు కొందరు. కంపెనీ సంగతి కంపెనీ చూసుకుంటుంది. లెక్క తేడా వచ్చిన రోజు పర్మినెంటు ఉద్యోగిని ఎవరూ అడగరు, పెన్‌డ్రైవ్ ఉన్న కాంట్రాక్టు కుర్రాణ్ణి అడుగుతారు. ఆ కుర్రాడు ఎక్కువగా మనవాడే. ఇక క్రాక్ సంగతి. యాంటీవైరస్ ఆపి మరీ నడపమనే ప్రోగ్రామ్‌ను నమ్మి ల్యాబ్‌లో వేస్తాం. అదే ల్యాబ్‌లో మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు కొట్టి స్కాలర్‌షిప్ ఫారాలు నింపుతారు. నాకు దీనిమీదే ఎక్కువ కోపం.

డబ్బు లేని చోట లినక్స్ ఉంది. డెబియన్‌లో ప్రీసీడ్ ఫైలుతో ఇలాగే మనిషి లేకుండా ఇన్‌స్టాల్ చేయవచ్చు. అందులో కీ అనే గడే ఉండదు.

వార్షికోత్సవానికి వచ్చే అన్నల్లో ల్యాబులు చూసేవాళ్లు ఒక ఆదివారం పూట తమ్ముళ్లకు ఆన్సర్ ఫైలు రాయడం నేర్పితే బాగుంటుంది. రెండు పాత సిస్టమ్స్, ఒక ఖాళీ పెన్‌డ్రైవ్ చాలు. డెబియన్‌తోనే మొదలుపెడదాం.