ఆక్సిజన్ సెన్సర్: పానా పట్టేముందు కొలత చూడాలి

పాత పెట్రోలు కారు డాష్‌బోర్డులో ఇంజిన్ బొమ్మతో పసుపు లైటు వెలిగితే చాలామంది యజమానులు చేసేవి రెండే. బండి నడుస్తోంది కదా అని వదిలేస్తారు. లేదా షెడ్డులో చెప్పిన సెన్సర్ కొని వేయించేస్తారు. రెండింటిలోనూ కొలత లేదు. నిజానికి ఆక్సిజన్ సెన్సర్‌ను పరీక్షించడం ఇంటి దగ్గరే సాధ్యం. చాలా కార్లలో దాన్ని మార్చడం కూడా అంతే.

ఎగ్జాస్ట్ పైపులోకి బిగించిన ఈ వేలెడంత పరికరం కొనలో జిర్కోనియా పింగాణీ ఉంటుంది. దాని రెండు వైపులా పల్చటి ప్లాటినం పూత. ఒక పక్క బయటి గాలి, మరో పక్క ఇంజిన్ వదిలిన వాయువులు. వేడి సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటాక ఆక్సిజన్ అయాన్లు పింగాణీ గుండా కదులుతాయి, రెండు పక్కలా ఉన్న ఆక్సిజన్ తేడాను బట్టి వోల్టేజీ పుడుతుంది. ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం బట్టీపట్టే నెర్న్‌స్ట్ సమీకరణం ఇక్కడ బానెట్ కింద రోజూ పనిచేస్తోందన్నమాట. కిలో పెట్రోలు సరిగ్గా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే సెన్సర్ దాదాపు 0.9 వోల్టులు చూపిస్తుంది, గాలి ఎక్కువైతే 0.1. ఆ అంకెను చూసే కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది, తగ్గిస్తుంది.

సెన్సర్ మందగిస్తే ఈ సర్దుబాటు ఆలస్యమవుతుంది. కార్బన్ మోనాక్సైడ్, మండని హైడ్రోకార్బన్లు వీధిలోకి వస్తాయి. పెట్రోలు ఎక్కువగా పోతూ ఉంటే కాటలిటిక్ కన్వర్టర్ మితిమీరి వేడెక్కి పాడవుతుంది. దాని ధర సెన్సర్ ధరకు ఎన్నో రెట్లు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందిగా అంటే సరిపోదు. బీఎస్-4 పెట్రోలు కార్లకు ఆ పరీక్ష ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు, ఆపైన సుమారు 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా ఉంచి చేస్తారు. మందగించిన సెన్సర్ బండారం బయటపడేది యాక్సిలరేటర్ నొక్కుతూ వదులుతూ ట్రాఫిక్‌లో వెళ్లేటప్పుడు.

అయితే కోడ్ వచ్చింది కాబట్టి సెన్సర్ పోయిందనుకోవడమే అసలు పొరపాటు. ఫోనుకు కలిపే చిన్న ఓబీడీ స్కానర్‌తో, ఇంజిన్ వేడెక్కాక, ముందున్న సెన్సర్ గీత చూడాలి. మామూలు సెన్సర్ అయితే వోల్టేజీ 0.1, 0.9 మధ్య చకచకా ఎగిరిపడుతుండాలి. (కొన్ని కార్లలో వైడ్‌బ్యాండ్ రకం ఉంటుంది, దాని గీత వేరు.) గీత కిందే నిలిచిపోతే సెన్సర్ చచ్చిందని అర్థం కాదు. ఎక్కడో వాక్యూమ్ పైపు చీలి గాలి లోపలికి పోతూ ఉండవచ్చు, సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ లీకవుతూ ఉండవచ్చు. అప్పుడు సెన్సర్ చెబుతున్నది నిజమే! హీటర్ కోడ్ వస్తే పని తేలిక: కప్లర్ విప్పి మల్టీమీటర్‌తో హీటర్ తీగ తెగిందో లేదో చూడవచ్చు. టైర్లలో గాలి ఎంతుండాలో ఓనర్ మాన్యువల్‌లో రాసే కంపెనీలు ఈ వోల్టేజీని మాత్రం సాధారణంగా రాయవు. రాస్తే అనవసరపు కొనుగోళ్లు కొన్నైనా తగ్గేవి.

తప్పు సెన్సర్‌దేనని తేలితే విప్పడం కష్టం కాదు. వైరు దూరేందుకు చీలిక ఉన్న 22 మిల్లీమీటర్ల సాకెట్ చాలా కార్లకు సరిపోతుంది. ముందు రోజు రాత్రే మరల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచాలి. ఎగ్జాస్ట్ గోరువెచ్చగా ఉన్నప్పుడు మర సులువుగా వదులుతుంది, పూర్తి వేడి మీద చెయ్యి పెట్టకూడదు. కారు కిందికి దూరాల్సి వస్తే స్టాండ్లు ఉండి తీరాలి, జాకీని మాత్రమే నమ్మకూడదు. కొత్తది మొదట చేత్తోనే తిప్పాలి. యాంటీసీజ్ పేస్టు మరలకే, కొనకు అంటనివ్వకూడదు. సిలికాన్ సీలెంట్ దగ్గరికి కూడా రాకూడదు, అది పింగాణీకి విషం. గట్టిగా పట్టేసిన పాత సెన్సర్‌ను బలవంతంగా తిప్పితే పైపు మరే పోతుంది. అక్కడ ఆగి షెడ్డుకు తీసుకెళ్లడమే మేలు.

బిగించాక కోడ్ చెరిపి, కొన్నాళ్లు నడిపి, అదే గీతను మళ్లీ చూడాలి. గీత మారకపోతే లీకుల వేట మొదలుపెట్టాల్సిందే.