రౌటరును పరీక్షించు విధము

గత మాసమున నింటి పద్దు వ్రాయు విధమును గూర్చి ముచ్చటించితిమి. నేటి పద్దులలో పాలు, బియ్యము, ఇంటి అద్దెల సరసన ఇంటర్నెట్టు రుసుము కూడ కనబడుచున్నది. నెలనెలయు రుసుము చెల్లింతుము గాని, ఆ ఇంటర్నెట్టును ఇంటిలోని వారికెల్ల పంచిపెట్టు రౌటరను పెట్టె తన పని సరిగా చేయుచున్నదో లేదో పరీక్షించువారు అరుదు. మట్టికుండనైనను వ్రేలితో మీటి చూడక కొనని మనము, ఈ పెట్టె విషయమున మాత్రము అట్టపై నచ్చువేసిన వేగపు టంకెను నమ్మి యూరకుందుము.

మనము పంపు మాటయు బొమ్మయు చిన్నచిన్న పొట్లములుగా విభజింపబడి పోవును. వానిని ప్యాకెట్లందురు. ప్రతి పొట్లముపైని చిరునామాను రౌటరు చదివి, తగిన త్రోవను బంపును. తపాలా కచేరిలో జాబులను వేఱుచేయు గుమాస్తా పని యిట్టిదే. పొట్లము చిన్నదైనను పెద్దదైనను చిరునామా చదువు శ్రమ యొక్కటే. సెకనునకు ఒక గిగాబిట్టు వేగముగల ఈథర్నెట్టు తీగపై 1518 బైట్ల పెద్ద పొట్లములు సుమారు 81 వేలు పోవును. 64 బైట్ల చిన్న పొట్లములైనచో సుమారు 14 లక్షల 88 వేలు పోవును. కావున పెద్దవానితో చక్కగా నడచిన పెట్టె, చిన్నవాని వెల్లువలో తడబడవచ్చును. ఒక్క మెతుకు పట్టి చూచి కుండెడన్నము నుడికినదనుట వంటయింట చెల్లును గాని యిచట చెల్లదు.

ఈ సంగతి నెఱిగియే స్కాట్ బ్రాడ్నర్, జిమ్ మెక్‌వెయిడ్ అను నిరువురు 1999లో ఆర్.ఎఫ్.సి. 2544 అను పరీక్షావిధానమును ప్రకటించిరి. ఈథర్నెట్టుపై 64 మొదలు 1518 బైట్ల వఱకు ఏడు పరిమాణములతో పరీక్షింపవలెననియు, ఒక్క పొట్లమైనను జాఱిపోకుండ నడపగల మిక్కిలి వేగమునే ఆ పెట్టె సామర్థ్యముగా నెంచవలెననియు, ఆలస్యమును కనీసము 20 మారులు కొలిచి సగటు తీయవలెననియు నందు విధించిరి.

అది ప్రయోగశాలలోని మాట. ఇంటిలో మనము ముఖ్యముగా చూడవలసినది రద్దీవేళ కలుగు ఆలస్యము. రౌటరులో పొట్లములు వరుసగా నిలుచుటకు కొంత తావుండును. ఆ తావు మితిమీరినచో వరుస పొడవగును. పొట్లము పోదు గాని, భోజనమైన పిదప వచ్చిన నేతివలె నిరుపయోగమగును. జిమ్ గెటిస్ అను నాతడు 2010లో ఈ దోషమునకు బఫర్‌బ్లోట్ అని పేరిడెను. 2012లో క్యాథలీన్ నికల్స్ అను విదుషియు వాన్ జాకబ్సనును దీనికి కోడెల్ అను నుపాయమును వెలువరించిరి. పొట్లములు వరుసలో నెంతసేపు నిలిచెనో కనిపెట్టి, నిలుపు మితిమీరినచో కొన్నిటిని విడిచి, పంపువారు నెమ్మదించునట్లు చేయుటయే యా యుపాయము.

మే మెఱిగిన యొక యింట పదవ తరగతి బాలిక సాయంకాలము ఇంటర్నెట్టు ద్వారా గణితపాఠము వినుచుండెను. అదే వేళ అన్నగారు పెద్ద వీడియోలను బయటికి పంపుచుండుటచే ఉపాధ్యాయుని మాట తెగితెగి వినబడెడిది. ఇంటివారు రుసుము పెంచి హెచ్చు వేగము తీసికొనిరి, ఫలితము లేకపోయెను. తుదకు పాఠమునే మానుమని బాలికతో ననిరి. అపుడు తల్లి మూడు దినములు పరీక్షచేసి పుస్తకమున వ్రాసెను. ఊరక యున్నపుడు 20 మిల్లీసెకనులలో వచ్చు జవాబు, వీడియో పోవునపుడు 600 మిల్లీసెకనులకు వచ్చుచుండెను. ఆ యంకెలను జూచినపిదప రౌటరులోని యమరికను మార్చిరి, పాఠము నిలిచినది.

ఆమె చేసిన పరీక్ష యిది. కంప్యూటరును వైఫైతో గాక తీగతో రౌటరునకు గలుపుడు. ఏలయన వైఫై దోషము వేఱు, వరుస దోషము వేఱు. పిమ్మట 1983లో మైక్ మూస్ రచించిన పింగ్ అను సాధనముతో బయటి చోటొకదానిని పిలువుడు. జవాబు వచ్చుట కెన్ని మిల్లీసెకనులు పట్టెనో యది చెప్పును. ఇంట నెవ్వరును ఇంటర్నెట్టు వాడని వేళ నొక నిమిషము కొలువుడు. ఒకరిచే పెద్ద వీడియోను పంపించుచు మఱల కొలువుడు. దించుకొనుచు నింకొకమారు కొలువుడు. అంకె కొంచెము పెరిగిన చింతలేదు; పదింతలైనచో వరుస మితిమీరినదని గ్రహింపుడు. ఉదయమును సాయంకాలమును మూడు దినములు కొలిచి వ్రాసికొనుడు.

దోషము తేలినచో, రౌటరులో స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్ అను నమరిక గలదేమో చూడుడు. ఉన్నచో దానిని నడపి, కొలిచిన వేగముకంటె కొంచెము తక్కువ యంకెను అందు నిర్ణయింపుడు. తీగపై బాగుండి వైఫైపై మాత్రము చెడినచో, పెట్టెను బీరువా మూలనుండి తీసి యింటి నడుమ నెత్తుగా నుంచుడు. మార్పు ఒకమారు ఒకటే చేసి, మఱల కొలువుడు. రెండింటిని గలిపి చేసినచో ఏది గుణమిచ్చెనో తెలియదు. రుసుము పెంచుటకును, పిల్లల చదువు తగ్గించుటకును ముందే యీ పుస్తకమును ఇంటివారి యెదుట నుంచుడు.