చైను వదులైందా, అరిగిందా?

ఈ వారం వంటింటి సంగతి కాకుండా వాకిట్లో గోడకి ఆనించిన సైకిల్ ముచ్చట చెబుతాను. "అది మగవాళ్లు చూసుకుంటారులే" అని పేజీ తిప్పేయకండి. నేనూ ఇన్నాళ్లూ అలాగే అనుకున్నాను. దాని ఫలితం మా చిన్నదాని మోకాలి మీద మచ్చై మిగిలింది.

మాది యాదగిరిగుట్ట. గుట్ట కింద ఊళ్లో ఇల్లు. మా చిన్నది తొమ్మిదో తరగతి. బడి మూడు కిలోమీటర్లు. పొద్దున పోయేటప్పుడు పల్లం, సాయంత్రం వచ్చేటప్పుడు ఎత్తు. వాళ్లక్క తొక్కిన సైకిలే దీనికిచ్చాం. కొన్నాళ్లకి చైను ఊడిపోవడం మొదలైంది. ఊడినప్పుడల్లా చేతిలో నాలుగు రూపాయలు పెట్టి "షాపులో బిగించమను" అని పంపేదాన్ని. వాళ్లు వెనక చక్రం నట్లు వదులు చేసి, చక్రాన్ని కాస్త వెనక్కి లాగి బిగించి పంపేవారు. ఇంక లాగడానికి చోటు లేనప్పుడు చైనులోంచి లింకు తీసి కలిపారు. కొత్తది కొనకుండా పని జరిగిపోయిందని నేను మురిసిపోయాను.

పోయిన కార్తీక మాసంలో ఒక శనివారం సాయంత్రం. 2022 మార్చిలో కొత్త గుడి తెరిచాక మా ఊరికి వచ్చే బండ్లు బాగా పెరిగాయి, కార్తీకంలో అయితే చెప్పనే అక్కర్లేదు. పిల్ల ఎత్తు మీద లేచి నిలబడి తొక్కుతోందట. చైను పండ్ల మీద నుంచి టక్కుమని జారింది. పెడలు ఖాళీగా తిరిగిపోయి పిల్ల రోడ్డు మీద పడింది. వెనకే యాత్రికుల ఆటో. ఆ డ్రైవరు ఎవరో గానీ టక్కున బ్రేకు వేశాడు. ఆయన చల్లగా ఉండాలి. మోకాలు చీరుకుపోయి నాలుగు కుట్లు పడ్డాయి.

ఆ రాత్రి మా అత్తమ్మ, "ఆడిపిల్లకు సైకిలెందుకే? బడి బందు పెట్టియ్యి, ఇంట్ల ఉంటది" అన్నది. మా ఆయన అవుననలేదు, కాదనలేదు. పిల్ల మాత్రం గోడ వైపు తిరిగి పడుకుంది. నిద్రపోలేదని నాకు తెలుసు. అప్పుడు నాకు గుండె ఝల్లుమంది. పిల్ల తొక్కడంలో తప్పేమీ లేదు. కొత్త చైను కొనడానికి నేను చేసిన పిసినారితనం దాని చదువు దాకా వచ్చింది.

మర్నాడు సైకిల్ నేనే నడిపించుకుని ఇంకో షాపుకి పోయాను. అక్కడి పెద్దమనిషి చైను చేత్తో పట్టి చూసి, "అక్కా, ఇది వదులు కాలే, అరిగింది. ఇగ బిగించుడు కాదు, మార్చుడే" అన్నాడు. వదులుకీ అరుగుదలకీ తేడా ఏమిటని అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పింది మీకూ చెబుతాను.

మనం "చైను సాగింది" అంటాం. ఇనుప రేకులు రబ్బరు లాగా సాగవు. చైనులో ప్రతి లింకూ ఒక పిన్ను మీద తిరుగుతుంది. తిరిగి తిరిగి ఆ పిన్నూ, అది దూరిన రంధ్రమూ లోపల అరుగుతాయి. ఒక్కో చోట వెంట్రుకవాసి. కానీ సైకిల్ చైనులో వందకు పైగా పిన్నులుంటాయి. అన్ని వెంట్రుకవాసులూ కలిస్తే చైను అర అంగుళం పొడుగవుతుంది.

మన మెళ్లో పుస్తెలతాడు చూసుకోండి. పైకి మెరుస్తూనే ఉంటుంది. ఏళ్లు గడిచాక అవుసలాయన చేతిలో పెడితే "కడీల దగ్గర అరిగిందమ్మా" అంటాడు. కడీకి కడీ రాసుకునే చోటే అరుగుదల. సైకిల్ చైనుదీ అదే కథ. పుస్తెలతాడునైతే ఏడాదికోసారైనా చూపించుకుంటాం, పిల్ల ప్రాణం మోసే చైనును మాత్రం చూడం.

ఇప్పుడు కొలిచే పద్ధతి. ఇప్పుడు మనం చూసే ఈ రోలరు చైనును మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ అనే ఇంజనీరు 1880లో తయారుచేశాడు. ఇప్పటి మామూలు సైకిళ్లలో పిన్ను నడిమి నుంచి పక్క పిన్ను నడిమికి అర అంగుళం దూరం. అంటే 20 ఖాళీలు లెక్కపెడితే సరిగ్గా 10 అంగుళాలు, 25 సెంటీమీటర్ల 4 మిల్లీమీటర్లు. కొత్త చైను ఈ లెక్కకే వస్తుంది.

పిల్లల జామెట్రీ బాక్సులోని చిన్న స్కేలు చాలదు, 30 సెంటీమీటర్ల స్కేలు తీసుకోండి. కుట్టుమిషను దగ్గరి టేపు వద్దు, వాడగా వాడగా అదీ సాగుతుంది. చైనును పాత గుడ్డతో తుడిచి, వెనక బ్రేకు పట్టుకోమని పిల్లలకు చెప్పి, పెడలును ముందుకు కొంచెం నొక్కి పట్టండి. చైను పై వరస బిగుసుకుంటుంది. స్కేలు సున్నా గీతను ఒక పిన్ను నడిమి మీద పెట్టండి. స్కేలు అంచును కాదు, గీతను. దాని తర్వాత ఇరవయ్యో పిన్ను నడిమి ఎక్కడుందో చూడండి. కవరు అడ్డం ఉంటే విప్పించి చూడండి. ఒక్క చోటే కాకుండా మూడు చోట్ల కొలవండి.

25 సెంటీమీటర్ల 4 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటే బెంగ లేదు. 5 మిల్లీమీటర్లకు వచ్చిందంటే అరుగుదల మొదలైనట్టు, నెలకోసారి చూస్తూ ఉండండి. 6 వచ్చిందంటే ఇంక ఆలోచించకుండా మార్చేయాలి. గేర్ల సైకిలైతే చైను సన్నగా ఉంటుంది కనుక 5 దాటగానే మార్చడం మేలు. మాది కొలిస్తే ఎంతొచ్చిందనుకున్నారు? 25 సెంటీమీటర్ల 8 మిల్లీమీటర్లు!

స్కేలు లేకపోతే ఇంకో గుర్తు ఉంది. ముందున్న పెద్ద పండ్ల చక్రం మీద, ముందు వైపు అంచున, చైనును వేళ్లతో బయటికి లాగి చూడండి. పండ్లు విడిచి పైకి లేచి సందు కనబడితే అరిగినట్టే.

"సరే, చైను ఒక్కటీ మార్చు" అన్నాను ఆ పెద్దమనిషితో. ఆయన నవ్వి, కొత్త చైనును పాత ఫ్రీవీలు మీద పెట్టి చూపించాడు. కూర్చోలేదు. పొడుగైన పాత చైను పండ్లను కూడా తనకు తగ్గట్టే అరగదీసింది. పండ్లు కొడవలి మొన లాగా ఒక పక్కకు వంగిపోయాయి. మిక్సీ కప్లరు గుర్తు తెచ్చుకోండి. జారు కింది కప్లరు అరిగినా అలాగే రుబ్బుతూ పోతే మిక్సీ మీదిది కూడా పాడవుతుంది. అలాగే నాకూ చైనుతో పోయేది ఫ్రీవీలు, ముందు చక్రం దాకా వచ్చింది. సమయానికి చైను మార్చి ఉంటే దాని ధరతోనే పోయేది. ఇన్నిసార్లు బిగించడానికి ఇచ్చిన డబ్బులు వేరే.

చైను ఎక్కువ కాలం రావాలంటే దుమ్ము చేరకుండా చూడండి. మా వైపు రాతి దుమ్ము, మొరం ఎక్కువ. దుమ్ము మీదే నూనె పోస్తే అది గరుకు ముద్దై పిన్నుల్ని ఆకురాయిలా గీకుతుంది. ముందు గుడ్డతో తుడవాలి. తర్వాత రోలరుకొక్క చుక్క మెషీన్ ఆయిల్ వేసి, పెడలు వెనక్కి తిప్పి, పైన మిగిలింది మళ్లీ తుడిచేయాలి. నూనె లోపల ఉండాలి, పైన కాదు. కొబ్బరినూనె, వంటనూనె పోయకండి, జిగురు కట్టిపోతాయి. వానలో తడిసిన రోజు తుడిచి నూనె వేయడం మరవకండి. బిగింపు కూడా మరీ వద్దు, చైను నడిమధ్య వేలితో నొక్కితే అర అంగుళం ఆడాలి.

ఇదంతా చిన్న విషయం అనిపించవచ్చు. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో 1991 తర్వాత అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా వేలమంది పల్లె ఆడవాళ్లు సైకిల్ నేర్చుకున్నారు. బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లివ్వడం మొదలుపెట్టాక హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారని 2017లో అచ్చయిన ఒక పరిశోధనలో తేలింది. సైకిల్ ఉంటే పిల్ల బడికి పోతుంది. కానీ ఆ సైకిల్ నడిచే స్థితిలో ఉండాలి కదా! ఒక్కసారి పడితే చాలు, మాన్పించమనే వాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు.

మా పిల్ల కుట్లు విప్పిన వారానికే మళ్లీ సైకిలెక్కింది. మా అత్తమ్మ వాకిట్లో నిలబడి అది మలుపు తిరిగేదాకా చూసింది, ఏమీ అనలేదు. ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం చైను కొలిచే పని మా చిన్నదానిదే. కొలత ఎంతో క్యాలెండరు మీద పాలలెక్క పక్కనే రాస్తుంది.

ఈ ఆదివారం మీరూ ఒక స్కేలు పట్టుకుని వాకిట్లోకి వెళ్లండి. వచ్చే వారం ఉసిరికాయ నిలవ పచ్చడితో కలుద్దాం.