ఇద్దరికి ఏడు సీట్ల బండా?
కంచిలి: ఉద్దానంలో కిరాయి బండి కట్టించుకుని వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళే కిడ్నీ రోగులున్నారు. రోగి, తోడు ఒకరు. వచ్చేది మాత్రం ఏడు సీట్ల బండి. ఖాళీ సీట్ల డీజిలు ఖర్చూ రోగి నెత్తినే పడుతోంది.

లీటరుకు 10 కిలోమీటర్లిచ్చే పెద్ద బండి నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగితే 100 లీటర్లు తాగుతుంది. 18 ఇచ్చే చిన్న బండికి సుమారు 56 చాలు. 44 లీటర్లు మిగులు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లలోపు, చిన్న ఇంజను కార్లపై జి.ఎస్.టి. 18 శాతమే, పెద్ద వాటిపై 40 శాతం.

పెళ్ళిళ్ళకు పెద్ద బండి కావాలంటారు యజమానులు. నిజమే, కాని ముహూర్తాలు కొన్నాళ్ళే. డయాలసిస్ ఏడాది పొడుగునా ఉంటుంది. కనుక బండి మార్చుకోవడం మేలు. మిగిలిన దానిలో సగమైనా కిరాయిలో తగ్గించాలి. లేనిచో రోగికి ఒరిగేదేమీ లేదు.