పచ్చికకు తగిన మర

బాలలూ! మీ ఇంటి ముందు పచ్చిక ఉన్నదా? దానిని కోయటానికి ఎలాంటి మర కొనాలో పెద్దవాళ్ళతో కలిసి ఆలోచించండి.

1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన మొదటి గడ్డిమరను తయారుచేశాడు. మిల్లులో ఉన్నిబట్ట మీది నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి ఆయనకు ఈ ఊహ తట్టింది.

ఈనాడు గడ్డిమరలు ముఖ్యంగా రెండు రకాలు. చేత్తో తోసే మరలో బ్లేడులు దొర్లుతూ, కింద కదలకుండా ఉండే మరో బ్లేడుతో కలిసి గడ్డిని కత్తెరలాగా కోస్తాయి. చిన్న, చదునైన పచ్చికకు ఇది మేలు. దీనికి కరెంటు అక్కరలేదు. రెండోదానిలో మోటారు ఒక బ్లేడును ఫ్యానులాగా గిర్రున తిప్పుతుంది. అది గడ్డిని కొట్టి తెంపుతుంది. పెద్ద ఆవరణకూ, ఏపుగా పెరిగిన గడ్డికీ ఇది తగినది.

అయితే మాదాపూర్‌ది రాతి నేల. దుర్గం చెరువు చుట్టూ ఉన్న బండలు చూశారు గదా! గడ్డిలో రాయి దాగి ఉంటే మొదటి మర బ్లేడు దెబ్బతింటుంది. రెండో మర ఆ రాయిని తుపాకిగుండులాగా విసురుతుంది. కనక ముందు రాళ్ళన్నీ ఏరించండి. మర నడిచేటప్పుడు మీరు దూరంగా ఉండండి.

ఏ మర అయినా గడ్డి ఎత్తులో మూడోవంతుకు మించి ఒకేసారి కోయరాదు. గడ్డికి ఆహారం తయారుచేసేది ఆకే గదా!

మీ పచ్చిక రెండు చాపలంతే అయితే మర ఎందుకు? తోట కత్తెర చాలు!