తెర ఎక్కడ కడతారు?

కొత్తచెరువు చుట్టుపక్కల పల్లెల్లో నీళ్ల కష్టం అందరిదీ, బోరు అప్పు మాత్రం ఎవరిది వారిదే. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే ఉండే ఈ మెట్టలో ఒకరు లోతుగా బోరు దించితే పక్క చేని బోరు ఎండిపోతుంది. ఇద్దరూ తోడేది ఒకే భూగర్భజలం. ఆ మాట కలిసి మాట్లాడుకునే చోటు మాత్రం ఊళ్లో కనబడదు. గ్రామసభలు చాలావరకు జాబితాలు చదవడంతో, సంతకాలతో ముగిసిపోతాయి. నీరు, నేల, కూలి, కులం గురించిన సినిమాలను పల్లెల్లో తెరకట్టి చూపించాలని నేనడుగుతున్నది అందుకే. బొమ్మ అయిపోయాక జనం లేచిపోకుండా కూర్చుంటేనే దానికి ఫలం.

జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో పల్లెవాళ్ల సినిమా ఏం చేయగలదో తేలింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు, చదువు రానివాళ్లతో సహా, కెమెరా పట్టడం నేర్చుకుని 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. షాట్లకు వాళ్లు పెట్టుకున్న పేర్లు చూడండి. ఎత్తు నుంచీ పల్లం నుంచీ చూసేవాటికి పటేలు పేరూ జీతగాడి పేరూ పెట్టారు. కెమెరా మనిషి కళ్లకు సమంగా నిలిస్తే అది సంఘం షాట్. దొర చూపు కింద బతికినవాళ్లకే తట్టే పేర్లివి. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక మూడేళ్లపాటు వీళ్లు వరంగల్ రైతుల అనుభవాన్ని చిత్రించారు. 2005లో కేంద్ర ప్రభుత్వ కమిటీ మహికో కంపెనీ మూడు బీటీ పత్తి రకాలకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. అది సినిమా ఒక్కదాని ఘనత అనను. రైతుల ఆందోళన, పొలాల్లో చేసిన సర్వేలు కూడా అందుకు తోడయ్యాయి. అయినా కంపెనీ లెక్కలకు ఎదురుగా రైతు మాట సాక్ష్యమై నిలబడింది.

చేతిలో ఫోనుండగా తెర ఎందుకని అడుగుతారు. ఫోను ఒంటరిగా చూసేది, నచ్చకపోతే వేలితో తోసేసేది. కర్ణాటక పల్లెల్లో డిజిటల్ గ్రీన్ అనే సంస్థ రైతుల చేతే వీడియోలు తీయించి గుంపుల్లో చూపించింది. ఊరి మనిషి ఒకరు మధ్యమధ్యలో ఆపి ప్రశ్నలడిగేవారు. ఒక రైతు కొత్త పద్ధతి చేపట్టడానికయ్యే ఖర్చు లెక్కేస్తే, మామూలు వ్యవసాయ విస్తరణ సేవల కంటే ఇది పదిరెట్లు మేలని ఆ సంస్థ పరీక్షలో తేలింది. ఆపి అడిగే ఆ మనిషి లేకపోతే మిగిలేది వీడియో ఒక్కటే.

సినిమాలు తీయించే సంస్థలు తమ వాదనే చూపిస్తాయన్న అభ్యంతరం మాత్రం తీసిపారేసేది కాదు. అందుకే బోర్లు వేయించుకున్న రైతునూ, భూగర్భజల శాఖ ఉద్యోగినీ, కూలికి పోయే ఆమెనూ అదే చాప మీద కూర్చోబెట్టాలి. సినిమాను తప్పుపట్టే హక్కు వాళ్లకుండాలి. సినిమా చూస్తే వాన పడుతుందా అనేవాళ్లూ ఉంటారు. పడదు. ఉన్న నీటికి ఏ పంట వేయాలన్నది మాత్రం మనుషులు తేల్చుకోవలసిందే.

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద చిక్కు తెర కట్టే చోటు. గుడి ముందు కడితే దళితుల కాలనీవాళ్లు వెనకే నిలబడతారు, కాలనీలో కడితే ఊరివాళ్లు కొందరు రారు. పొద్దుగూకగానే మొదలుపెడితే వంట పనిలో ఉన్న ఆడవాళ్లు రాలేరు. కాబట్టి బడి ఆవరణ కావాలి, అన్నాలు తిన్నాక మొదలు కావాలి.

హెడ్మాస్టర్లకూ సర్పంచులకూ నా మనవి ఒకటే. ఈ ఏడు శెనక్కాయ విత్తనానికి జనం అప్పు చేయకముందే, ఒక్క రాత్రి మీ బడి గోడ ఇవ్వండి.