నందిపేట్ పచ్చికలో కృష్ణజింకలు

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే ప్రతి ఇంటా ఒకే ప్రశ్న తలెత్తుతుంది. పిల్లలను ఎక్కడికి తీసుకుపోవాలి? మన నిజామాబాద్, బోధన్, ఆర్మూర్ ప్రాంతాల కుటుంబాలలో గల్ఫ్ దేశాలకు వెళ్ళిన వారు లేని ఇల్లు అరుదు. వారు పంపించే చిత్రాలలోను, పిల్లల చేతులలోని ఫోన్లలోను ఆఫ్రికా పచ్చికబయళ్ళు కనిపిస్తుంటాయి. విశాలమైన గడ్డినేల, అక్కడొకటి ఇక్కడొకటిగా తుమ్మచెట్లు, వాటి నడుమ గుంపులుగా జింకలు. పిల్లలు కళ్ళు విప్పార్చి చూస్తారు. మనకు ఇటువంటివి ఎందుకు లేవని అడుగుతారు.

ఉన్నది. నిజామాబాద్ నుండి గంట ప్రయాణంలో, నందిపేట్ దాటిన తరువాత గోదావరి ఒడ్డున ఉన్నది. దానికి కంచె లేదు, ప్రవేశద్వారం లేదు. చూడగోరే వారికి కొంత ఓపిక, కొంత మర్యాద ఉంటే చాలు. ఈ నెల మన పాఠకులకు ఆ నేలను, దానిపై బ్రతుకుతున్న ఒక ప్రాణిని పరిచయం చేయాలని, దానితో ముడిపడిన ఒక ధర్మసందేహానికి సమాధానం చెప్పాలని మా ఉద్దేశం.

శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963 జూలై 26న నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ పోచంపాడు వద్ద శంకుస్థాపన చేశారు. జలాశయం పూర్తిస్థాయి నీటిమట్టం 1091 అడుగులు. మొదట 112 టీఎంసీల సామర్థ్యంతో తలపెట్టిన ఈ జలాశయంలో పూడిక చేరి, ఇప్పుడు సుమారు 80 టీఎంసీలు మాత్రమే నిలుస్తున్నాయి. వానాకాలంలో నీరు వెనుకకు తన్ని ఉమ్మెడ, డొంకేశ్వర్ వంటి గ్రామాల పొలిమేరల దాకా వస్తుంది. యాసంగి పంటలకు కాలువలు విడిచిన కొద్దీ మట్టం తగ్గుతుంది. నీరు వెనుదిరిగిన చోట ఒండ్రుమట్టి బయటపడుతుంది. ఆ శిఖం భూములలో కొంత భాగం రైతులు దున్నుకుంటారు. మిగిలిన దానిపై ఎవరూ విత్తకుండానే గడ్డి మొలుస్తుంది. చుట్టుపక్కల చేలన్నీ ఎండి గోధుమవన్నెకు తిరిగిన వేళ ఇక్కడ మాత్రం పచ్చదనం మిగిలి ఉంటుంది. ఆ పచ్చిక కోసమే కృష్ణజింకలు వస్తాయి.

పాఠ్యపుస్తకాలలో సవన్నా అనే మాట చదివిన పిల్లలు అది ఆఫ్రికాకు మాత్రమే చెందినదని అనుకుంటారు. పలుచగా చెట్లు, దట్టంగా గడ్డి, ఏడాదిలో కొన్ని నెలలే వాన కలిగిన ఏ నేలైనా ఆ కోవలోనిదే. మన దక్కను పీఠభూమిలో ఇటువంటి నేలలు ఒకప్పుడు విస్తారంగా ఉండేవి. అయితే శిస్తు రాని నేలను బంజరు అని రాసుకోవడం రెవెన్యూ లెక్కల పద్ధతి. బంజరు అన్న పేరు పడిన తరువాత ఆ నేలపై ఎవరికీ జాలి ఉండదు. దున్నవచ్చు, తవ్వవచ్చు, చెత్త పోయవచ్చు. అక్కడ ఇర్రి, నక్క, తోడేలు, నేలపై గూడు కట్టుకునే పిట్ట బ్రతుకుతున్నాయన్న సంగతి ఏ దస్త్రంలోనూ ఎక్కదు.

చిన్న జాగా అయినంత మాత్రాన విలువ తగ్గదు. కెన్యా రాజధాని నైరోబీని ఆనుకొని 1946లో ఏర్పాటు చేసిన జాతీయవనం విస్తీర్ణం 117 చదరపు కిలోమీటర్లే. నగరపు భవనాలు కనుచూపు మేరలో ఉండగానే అక్కడ సింహాలు, జిరాఫీలు తిరుగుతాయి. మూడు వైపుల కంచె, దక్షిణాన మాత్రం జంతువులు వచ్చిపోయేందుకు తెరిచిన బయలు. మన దేశంలో గుజరాత్‌లోని వెలావదర్ కృష్ణజింకల జాతీయవనం ఇంకా చిన్నది, సుమారు 34 చదరపు కిలోమీటర్లు. మన సమీపంలోనే మెదక్, కామారెడ్డి జిల్లాల నడుమ ఉన్న పోచారం ఒకప్పుడు నిజాం వేటస్థలం. 1952లో దానిని అభయారణ్యంగా మార్చారు. వేటకు కేటాయించిన నేల రక్షణకు కేటాయింపబడటంలో పెద్దలు పిల్లలకు చెప్పదగిన పాఠం ఉన్నది.

ఇక ఆ ప్రాణి సంగతి. మన ఇళ్ళలో కాలా హిరన్ అంటాం. తెలుగులో మగదానిని ఇర్రి అని, ఆడదానిని లేడి అని పిలిచేవారు. చుక్కల దుప్పికీ దీనికీ భేదం ఉంది. దుప్పి కొమ్ములు శాఖలుగా చీలి, రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ములు చీలవు, రాలవు. మెలికలు తిరుగుతూ పైకి సాగుతాయి. ఎదిగిన మగజింక వీపు నల్లగా, పొట్ట తెల్లగా, కంటి చుట్టూ తెల్లని వలయంతో ఉంటుంది. ఆడజింకలకు, పిల్లలకు లేత గోధుమరంగు. బలమైన మగజింక తనకంటూ కొంత నేలను ఏర్పరచుకొని, ఒకేచోట పెంటికలు వేసి దానిని గుర్తుపెట్టుకుంటుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు.

అంత వేగం దేనికి? ఒకప్పుడు దీనిని తరిమేందుకు మన దేశపు బయళ్ళలో చీతా ఉండేది. మొఘల్ పాదుషాలు చీతాలను మచ్చిక చేసి కృష్ణజింకల వేటకు వినియోగించారు. అదే వంశపు జహంగీర్ తనకు ప్రియమైన ఒక జింక చనిపోతే షేక్‌పురాలో దాని జ్ఞాపకార్థం హిరన్ మినార్ కట్టించాడు. ఆ మినారు నేటికీ నిలిచి ఉంది. చీతా మాత్రం అంతరించింది. 1952లో మన దేశంలో అది లేదని ప్రకటించారు. డెబ్బై ఏళ్ళ తరువాత 2022 సెప్టెంబరులో నమీబియా నుండి ఎనిమిది చీతాలను విమానంలో తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో విడిచారు. పోగొట్టుకున్న దానిని మరో ఖండం నుండి తెచ్చుకోవడం ఎంత వ్యయమో, ఎంత ప్రయాసో దేశమంతా చూసింది. ఉన్నదానిని ఉంచుకోవడానికి అంత ఖర్చు లేదు.

చూడబోయే కుటుంబాలకు కొన్ని మాటలు. ఫజ్ర్ నమాజు ముగించుకొని బయలుదేరితే ఎండ ముదరక ముందే చేరవచ్చు. జింకలు మేసేది ఉదయం, సాయంత్రం చల్లని వేళలలోనే. నడి ఎండలో నీడ పట్టున పడుకొని ఉంటాయి. కృష్ణజింకకు ప్రధాన రక్షణ దాని చూపు. మనం దానిని చూడక ముందే అది మనలను చూసి ఉంటుంది. కనుక బండి దారి మీదనే ఆపి, దూరాన నిలబడి చూడాలి. ఇంట్లో దుర్భిణి ఉంటే వెంట తీసుకోండి. పది నిమిషాలు కదలక మెదలక ఉంటే, తల ఎత్తిన జింకలు మళ్ళీ మేతలో పడతాయి. పిల్లలకు ఆ పది నిమిషాల నిశ్శబ్దం నేర్పడమే సగం ప్రయోజనం.

పచ్చికలోకి మోటారుసైకిళ్ళు దింపి గుంపును తరమడం, ఆ పరుగును ఫోన్‌లో పట్టుకోవడం కొందరు యువకులకు వినోదంగా తోస్తుంది. తరమబడిన జింక ఆ క్షణంలో తప్పించుకున్నట్టే కనిపిస్తుంది. కాని మితిమీరిన భయంతో, అలసటతో కండరాలు దెబ్బతిని కొన్ని గంటలకో, ఒకటి రెండు రోజులకో చనిపోవచ్చు. తరిమిన వానికి అది తెలియదు. చూలు జింక విషయంలో ఒక పరుగుకు రెండు ప్రాణాలు. పెంపుడు కుక్కలను వెంట తీసుకుపోవడం కూడా ఇటువంటిదే.

గడ్డిలో ఒంటరిగా ముడుచుకొని పడుకున్న పిల్ల కనిపిస్తే దిక్కులేనిదని ఎత్తుకొని ఇంటికి తేవద్దు. తల్లి దానిని దాచిపెట్టి మేతకు పోయింది, పాలిచ్చే వేళకు తిరిగి వస్తుంది. జాలితో ఎత్తుకు వచ్చిన పిల్ల ఇంటి పాలతో బ్రతకడం అరుదు. గాయపడినదైతే అటవీశాఖ వారికి కబురు చేయాలి.

మరొక హెచ్చరిక తల్లిదండ్రులకు. నీరు తగ్గిన ఒడ్డు పైకి ఎండినట్టు పగుళ్ళు తేలి కనిపించినా, కింద ఊబి ఉంటుంది. జలాశయపు లోతు ఒడ్డు నుండి తెలియదు. పిల్లలను ఈతకు దింపరాదు. తాగునీరు ఇంటి నుండే తీసుకుపోవాలి. తిన్న విస్తరులు, ప్లాస్టిక్ సంచులు తిరిగి ఇంటికి తెచ్చుకోవాలి. ఆకలిగొన్న పశువు సంచితో సహా మింగుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. మమ్మల్ని పలువురు అడిగిన ప్రశ్న ఇది: జింక మాంసం హలాల్ కదా, ఎవరైనా తెచ్చి ఇస్తే తీసుకుంటే తప్పేమిటి? అడిగేవారిలో నమాజీలు, పెద్దమనుషులు కూడా ఉంటారు. పెళ్ళిళ్ళ కాలంలో ఈ మాట మరింత వినబడుతుంది.

జాతిని బట్టి జింక హలాల్ జంతువే. ఇందులో మన ఫుఖహాలలో భేదాభిప్రాయం లేదు. అయితే జంతువు హలాల్ అయినంత మాత్రాన ప్రతి మాంసం ముక్కా హలాల్ కాదు. రాత్రివేళ ఉచ్చులో పడి గొంతు బిగుసుకొని చచ్చినదైతే అది హరామ్. కర్రలతో కొట్టగా చచ్చినదైనా, బండి గుద్ది చచ్చినదైనా, కుక్కలు చీల్చినదైనా, ప్రాణం ఉండగా జబహ్ చేయనిదే అదీ హరామే. చీకట్లో సంచిలో వచ్చిన మాంసం ఎలా చచ్చిన జంతువుదో కొనేవారికి ఎవరు సాక్ష్యం చెబుతారు? బజారులో కోడిని కూడా కళ్ళెదుట కోయించుకునే మనం, ఈ ఒక్క విషయంలో ఎందుకు కళ్ళు మూసుకుంటాం?

రెండవది చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. పులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది. దీనిని వేటాడితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. చంపినవాడే కాదు, మాంసం కొన్నవాడు, ఇంట్లో ఉంచుకున్నవాడు కూడా నేరస్థుడే. పాత ఇళ్ళ దివాన్‌ఖానా గోడలకు తాతల నాటి కొమ్ములు వేలాడుతుంటే, వాటికి యాజమాన్య ధ్రువపత్రం ఉన్నదో లేదో చూసుకోవడం మంచిది. 1998లో జోధ్‌పూర్ సమీపాన జరిగిన కృష్ణజింకల వేట కేసులో 2018లో కింది కోర్టు ఒక ప్రఖ్యాత నటునికి ఐదేళ్ళ శిక్ష విధించింది. ఇరవై ఏళ్ళు గడిచినా ఆ కేసును విడువని వారు అక్కడి బిష్ణోయీ గ్రామస్థులు. చేసుకున్న ఒడంబడికను నెరవేర్చడం విశ్వాసి లక్షణమని మనం పిల్లలకు బోధిస్తాం. పౌరులుగా మనం దేశ చట్టంతో చేసుకున్న ఒడంబడిక అందులో భాగం కాదా? ఒక ఇంటి యజమాని ఈ నేరంపై జైలుకు పోతే ఆ ఇంటి ఇల్లాలు, పిల్లలు, వృద్ధులు ఏమవుతారో కూడా ఆలోచించాలి. ఒక పూట రుచికి అది చెల్లించదగిన ధర కాదు.

జంతువుల కోసం నేలను కేటాయించి కాపాడటం మనకు కొత్త కాదు. మక్కా హరమ్ సరిహద్దులలో వేట నిషిద్ధం. ఇహ్రామ్ ధరించినవారు నేలపై వేటాడితే పరిహారం చెల్లించాలి. హిమా అనే పేరుతో మేతనేలలను రక్షిత ప్రాంతాలుగా ప్రకటించే పద్ధతి దైవప్రవక్త (స) కాలం నుండే ఉంది. మదీనా సమీపంలోని నఖీను ఆయన గుర్రాల మేతకు అలా కేటాయించారు. పదమూడవ శతాబ్దపు ఫఖీహ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ తన గ్రంథంలో, యజమానిపై పశువులకు గల హక్కులను వివరంగా పేర్కొన్నారు. ముసలిదై, జబ్బుపడి, ఇక లాభం లేని పశువుకు సైతం మేత పెట్టాలన్నది వాటిలో ఒకటి. వినోదం కోసం ప్రాణిని గురిగా పెట్టి కొట్టడం హదీసులలో తీవ్రంగా ఖండింపబడింది.

రైతుల మాట కూడా న్యాయంగా చెప్పుకోవాలి. జింకలను చూసి ఆనందించి ఇంటికి తిరిగిపోయేది మనం. తెల్లవారి మొలకలు మేయబడిన చేను చూసుకొనేది రైతు. అతని నష్టం నిజమైనది. అతని కోపాన్ని తేలికగా తీసుకోరాదు. వన్యప్రాణుల వల్ల పంట పోతే అటవీశాఖకు అర్జీ పెట్టి పరిహారం కోరే వీలుంది. అర్జీ రాయడం తెలియనివారికి మన చదువుకున్న యువకులు రాసిపెట్టవచ్చు. నష్టపోయిన చేను ఫొటోలు తీసి, పాసుపుస్తకం నకలు జతచేసి, కార్యాలయం దాకా తోడు వెళ్ళవచ్చు. మోటారుసైకిలుపై జింకను తరిమే ఓపిక ఉన్నవానికి ఈ పనికి ఓపిక లేకపోదు. చూడటానికి పోయినవారు చేలకు అడ్డంగా నడవకపోవడం, కోతకు వచ్చిన మక్కను పిల్లలు తెంపకుండా చూడటం కూడా రైతు హక్కే.

మా సూచన ఇంతే. ఈ వేసవిలో ఒక ఉదయం పిల్లలను, వీలైతే ఇంటి పెద్దలను కూడా వెంటబెట్టుకొని ఆ ఒడ్డుకు వెళ్ళండి. దూరాన నిలబడండి. నల్లని మగజింక మెడ ఎత్తి నడిచే తీరును పిల్లలను చూడనివ్వండి. ఆ సృష్టికర్తను గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు, వారే అడుగుతారు. జింక మాంసమని ఎవరైనా తలుపు తట్టినప్పుడు, ఇంటి ఇల్లాలు వద్దని చెప్పి తలుపు వేసేస్తే, ఆ ఊరి వేటగాడికి అంతకు మించిన అడ్డు మరొకటి లేదు. కొనేవారు లేని సరుకు కోసం రాత్రిపూట గోదావరి ఒడ్డున ఉచ్చులు పన్నేవారు ఉండరు.

అల్లాహ్ మనకు అప్పగించిన వాటిని అమానతుగా కాపాడుకునే భాగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.